పశువు నెత్తురు లేకుండా పెరిగిన కణం
మొదటి శీలం – ఈనాటి వైద్యం: ఒక పాఠం





విహారంలో కూర్చున్నప్పుడల్లా పంచశీల చెప్పుకుంటాం. అందులో మొదటిది ప్రాణహింస మానుకోవడం. ఈ మాట ఎత్తగానే బయటివాళ్ళు మనల్ని అడిగే ప్రశ్న ఒకటుంది: "మీరు బౌద్ధులు కదా, మరి మాంసం ఎట్లా తింటారు?" ఆ ప్రశ్న వెనక చాలాసార్లు ధమ్మం తెలుసుకోవాలనే కోరిక ఉండదు, కులం ఉంటుంది. మన కంచంలోకి తొంగిచూసేవాళ్ళకు జవాబు చెప్పడం ఈ పాఠం పని కాదు.

ఇక్కడ అంతకన్నా కష్టమైన ప్రశ్న ఒకటి తీసుకుందాం. మనిషి రోగం నయం కావాలంటే ఏదో ఒక ప్రాణి బాధపడక తప్పదా? తప్పదని చాలామంది అనుకుంటారు, డాక్టర్లు కూడా చాలాకాలం అట్లాగే అనుకున్నారు. కానీ ఆ 'తప్పదు' అనే మాట ఎక్కడ పుట్టింది, ఎట్లా కరుగుతూ వచ్చింది అనేది మన హైదరాబాద్‌లోనే జరిగిన ఒక వైద్యం ద్వారా చూడొచ్చు. మూలకణాలను పశు పదార్థాలు లేకుండా పెంచడం గురించిన పాఠం ఇది. సైన్సు మాటలు కొన్ని వస్తాయి. భయపడకండి, ఒక్కొక్కటీ విడమరిచి చెప్పుకుందాం.

1. మూలకణం అంటే ఏమిటి?

మన ఒళ్ళంతా కణాలే. చర్మం రోజూ రాలిపోతుంది, కొత్తది వస్తుంది. రక్తకణాలు చచ్చిపోతాయి, కొత్తవి పుడతాయి. ఈ కొత్తవాటిని పుట్టించే తల్లి కణాలనే మూలకణాలు అంటారు. ఇంగ్లీషులో స్టెమ్ సెల్స్. వీటికి రెండు గుణాలు ఉంటాయి. తమలాంటి కణాలను తామే పుట్టించుకుంటాయి. అవసరమైనప్పుడు వేరే రకం కణాలుగా మారతాయి.

కన్ను సంగతి చూడండి. నల్లగుడ్డు మీద అద్దంలాంటి పొర ఒకటుంది. దాన్ని కార్నియా అంటారు. అద్దం మీద దుమ్ము పడితే తుడుచుకుంటాం. ఈ పొర మాత్రం తన పైభాగాన్ని తానే కొత్తగా మార్చుకుంటూ ఉంటుంది. ఆ పని చేసే మూలకణాలు నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే అంచులో ఉంటాయి. ఆ అంచు పేరు లింబస్.

ఇప్పుడు ఆ అంచు కాలిపోయిందనుకోండి. కొత్త కణాలు పుట్టవు. తెల్లగుడ్డు మీది పొర, రక్తనాళాలతో సహా, నల్లగుడ్డు మీదికి పాకుతుంది. అద్దం మసకబారుతుంది, చూపు పోతుంది. అప్పుడు చనిపోయినవారి కన్ను తెచ్చి కార్నియా మార్చినా నిలవదు. ఎందుకంటే ఆ పొరను నిలబెట్టే మూలకణాలే అక్కడ లేవు.

2. ఎవరి కళ్ళు కాలుతున్నాయి?

గోడలకు సున్నం వేసేవాళ్ళవి. సిమెంటు పని చేసేవాళ్ళవి. ఆసిడ్‌తో, కాస్టిక్ సోడాతో పనిచేసే కార్మికులవి. బాత్‌రూములు కడిగేవాళ్ళవి. తాంబూలంలోకి, ఖైనీలోకి వాడే సున్నం ప్యాకెట్‌తో ఆడుకుంటూ, అది చిట్లి కంట్లో పడిన చిన్నపిల్లలవి. ఈ పనులు ఎక్కువగా ఎవరి చేతుల్లో ఉన్నాయో మీకు వేరే చెప్పనక్కర్లేదు. అందుకే ఈ పాఠం మనకు దూరపు సంగతి కాదు.

ముందు ఒక మాట గుర్తుపెట్టుకోండి, ఇంట్లో అందరికీ చెప్పండి. కంట్లో సున్నం గానీ, సిమెంటు గానీ, ఆసిడ్ గానీ పడితే ఆసుపత్రికి పరుగెత్తడానికి ముందే శుభ్రమైన నీళ్ళతో కడగాలి. రెప్పలు తెరిచి పట్టుకుని, కనీసం పదిహేను నిమిషాల నుంచి అరగంట దాకా ధారగా పోస్తూనే ఉండాలి. నలపకూడదు. పాలు, నెయ్యి, ఆకు పసర్లు వేయకూడదు. ఆ తర్వాత వెంటనే కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. సున్నం పడ్డ కంటికి ఆ మొదటి నిమిషాలే చూపును కాపాడతాయి.

3. ప్రయోగశాలలో కణం ఏం తింటుంది?

ఒక కన్ను కాలి, రెండోది బాగుంటే ఒక మార్గం ఉంది. మంచి కంటి అంచు నుంచి చిన్న ముక్క తీసి, అందులోని మూలకణాలను ప్రయోగశాలలో పెంచి, కాలిన కంటి మీద నాటడం. ఇటలీ పరిశోధకులు 1997లో ఇట్లా ఇద్దరికి చేసి చూపించారు.

మరి ఒంట్లోంచి తీసిన కణం పళ్ళెంలో ఎట్లా బతుకుతుంది? దానికి తిండి కావాలి, కూర్చోవడానికి చోటు కావాలి, తోడు కావాలి. వీటిలో చాలావరకు పశువుల నుంచే తెచ్చేవాళ్ళు, ఇప్పటికీ తెస్తున్నారు.

తిండి: పుట్టని దూడ రక్తం నుంచి తీసే సీరం. గర్భంతో ఉన్న ఆవు కబేళాకు వచ్చినప్పుడు, దాన్ని కోసిన తర్వాత గర్భసంచి బయటికి తీస్తారు. లోపలి దూడ గుండెలోకి సూది గుచ్చి రక్తం లాగుతారు. ఆ రక్తం గడ్డకట్టాక పైన తేలే పసుపుపచ్చ ద్రవమే సీరం. పుట్టబోయే ప్రాణి వేగంగా ఎదుగుతుంది కాబట్టి దాని రక్తంలో కణాలను పెంచే పదార్థాలు దండిగా ఉంటాయి. 1950ల చివరినుంచి ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో ఇదే వాడకం. 2002లో నెదర్లాండ్స్ పరిశోధకులు వేసిన అంచనా ప్రకారం ఏడాదికి ఐదు లక్షల లీటర్ల సీరం, అందుకోసం పది లక్షలకు పైగా దూడ పిండాలు. సూది గుచ్చే సమయానికి ఆ పిండానికి నొప్పి తెలుస్తుందా అన్న విషయంలో శాస్త్రజ్ఞుల మధ్య వాదన ఉంది.

తోడు: ఎలుక కణాలు. అవి ఇంకా విభజన చెందకుండా రేడియేషన్‌తో ఆపి, పళ్ళెం అడుగున పరుస్తారు. వాటి మీద మనిషి కణాలను పెంచుతారు.

చోటు: ఎలుకకు వచ్చిన ఒక రకం కణితి నుంచి తీసిన జిగురు. మ్యాట్రిజెల్ పేరుతో అమ్ముతారు.

కణాలను పళ్ళెం నుంచి ఊడదీయడానికి ట్రిప్సిన్ అనే ఎంజైమ్ కావాలి. అది చాలాకాలం పంది క్లోమం నుంచే వచ్చేది.

చూశారా, ఒక మనిషి కణం వెనక ఆవు, దూడ, ఎలుక, పంది ఉన్నాయి.

4. పశువుకే కాదు, రోగికీ ముప్పే

ఇది జాలి సంగతి మాత్రమే అయితే "మనిషి ప్రాణం ముఖ్యం కదా" అని ఊరుకునేవాళ్ళేమో. కానీ పశు పదార్థం రోగికి కూడా చేటు చేయగలదని తేలింది.

మొదటిది, అంటురోగం. బ్రిటన్‌లో పిచ్చి ఆవు జబ్బు వచ్చిన తర్వాత ఆవు నుంచి తీసిన ఏ పదార్థాన్నైనా అనుమానంగా చూడాల్సి వచ్చింది. ఆ జబ్బును కలిగించే ప్రోటీన్ మామూలు వేడికి చావదు.

రెండోది, మన ఒంటి తిరుగుబాటు. పశువుల కణాల మీద ఒక రకం చక్కెర అణువు ఉంటుంది. మనుషుల్లో దాన్ని తయారుచేసే జన్యువు ఎప్పుడో పనిచేయడం మానేసింది. 2005లో అమెరికాలోని కాలిఫోర్నియా పరిశోధకులు ఒక సంగతి కనిపెట్టారు. ఎలుక కణాల మీద, పశు సీరంలో పెంచిన మనిషి మూలకణాలు ఆ పశు చక్కెరను పీల్చుకుని తమ ఒంటి మీద పెట్టుకుంటున్నాయి. మన రక్తంలో దానికి వ్యతిరేకంగా ప్రతిరక్షకాలు ముందే ఉంటాయి. అంటే అట్లాంటి కణాలను నాటితే, అవి పరాయివని ఒళ్ళే వాటి మీద దాడి చేయవచ్చు.

మూడోది, నిలకడ లేకపోవడం. ఒక సీసాలో సీరం ఉన్నట్టు ఇంకో సీసాలో ఉండదు. ఈసారి బాగా పెరిగిన కణం వచ్చేసారి పెరగకపోవచ్చు. సీరంలో వందల రకాల పదార్థాలు ఉంటాయి. వాటిలో కణానికి నిజంగా కావలసింది ఏదో చాలాకాలం ఎవరికీ సరిగ్గా తెలియదు. తెలియదు కాబట్టే మొత్తం రక్తరసిని గుమ్మరించారు.

మిత్రులారా, ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. పటిచ్చసముప్పాదం గుర్తుచేసుకోండి. ప్రతిదీ కొన్ని ప్రత్యయాల మీద ఆధారపడి పుడుతుంది. ఆ ప్రత్యయాలు ఏవో తెలియకపోవడమే అవిద్య. కణం ఏ ప్రత్యయాల మీద పెరుగుతుందో తెలియనంత కాలం దూడ రక్తం 'తప్పనిసరి'గా కనిపించింది. ఆ హింసకు మూలం చాలావరకు క్రూరత్వం కాదు, తెలియకపోవడం.

5. హైదరాబాద్‌లో ఏం చేశారు?

హైదరాబాద్ బంజారాహిల్స్‌లో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది. అక్కడ డాక్టర్ వీరేందర్ సాంగ్వాన్, డాక్టర్ గీతా వేముగంటి, వారి సహచరులు 2001 నుంచి ఈ వైద్యం మీద పనిచేశారు. పశు పదార్థం ఒక్కొక్కదాని బదులు మనిషి నుంచే వచ్చేవి పెట్టారు.

ఎలుక కణాల తోడు మానేశారు. మంచి కంటి నుంచి తీసిన ముక్కను బిడ్డ పుట్టాక మాయతోపాటు బయటికి వచ్చే ఉమ్మనీటి సంచి పొర మీద పరిచారు. మామూలుగా పారేసే ఆ పొరను తల్లి అంగీకారంతో తీసుకుని, పరీక్షలు చేసి, శుభ్రపరిచి దాస్తారు. కణాలు దాని మీద హాయిగా పాకుతాయి.

దూడ సీరం బదులు ఆ రోగి సొంత రక్తం నుంచి తీసిన సీరం వాడారు. తన కణం, తన రక్తం. పరాయితనం అన్న బెడదే లేదు.

10 నుంచి 14 రోజుల్లో కణాలు పొరగా పెరుగుతాయి. ఆ పొరను కాలిన కంటి మీద నాటుతారు. ఇట్లా వైద్యం చేసిన 200 మంది ఫలితాలను 2011లో ప్రచురించారు. వాళ్ళంతా ఒక కన్ను కాలినవాళ్ళు. 142 మందిలో, అంటే 71 శాతం మందిలో, కంటి పైపొర నిలకడగా నిలిచింది. సుమారు 60 శాతం మందికి చూపు పరీక్ష బోర్డు మీద రెండు వరసలో, అంతకన్నా ఎక్కువో అదనంగా కనబడ్డాయి. అందరికీ నయం కాలేదు, ఆ సంగతి కూడా వాళ్ళే రాశారు. ఉన్నదున్నట్టు చెప్పడం సమ్మావాచలో భాగం.

అంతటితో ఆగలేదు. కణాలను పెంచే ప్రయోగశాలకు ఖర్చు చాలా అవుతుంది. చిన్న ఊళ్ళో ఆసుపత్రికి అది అందదు. 2012లో వాళ్ళు ఇంకో సులువైన పద్ధతి ప్రచురించారు. మంచి కంటి నుంచి రెండు మిల్లీమీటర్ల చదరం ముక్క తీసి, ఎనిమిది నుంచి పది తునకలు చేసి, ఉమ్మనీటి పొర పరిచిన కాలిన కంటి మీదే నేరుగా అంటిస్తారు. వరినారు నాటినట్టు అనుకోండి. కణాలు కంటి మీదే పెరుగుతాయి, పళ్ళెం లేదు, ప్రయోగశాల లేదు. ఒకే ఆపరేషన్‌తో పని అయిపోతుంది. 2016లో 125 మంది ఫలితాలు వచ్చాయి. అందులో 60 మంది పిల్లలే. 76 శాతం మందిలో ఫలించింది.

పశువును తప్పించాలని మొదలైన దారి పేదవాడికి అందే వైద్యం దాకా వచ్చింది. ప్రతిసారీ ఇట్లాగే జరుగుతుందని చెప్పలేం, ఇక్కడ మాత్రం జరిగింది.

6. మిగతా ప్రపంచంలో

కంటి మూలకణం ఒకే పని నేర్చిన కణం. ఏ కణంగానైనా మారగల మూలకణాలు వేరే ఉన్నాయి. మనిషి పిండం నుంచి వాటిని మొదట వేరుచేసి పెంచినవాడు అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి చెందిన జేమ్స్ థామ్సన్, 1998లో. అప్పుడు వాడింది ఎలుక కణాలు, పశు సీరమే.

2006లో ఆ ఊరి పరిశోధకులే పశు పదార్థాలు లేని ద్రావణం తయారుచేశారు. కానీ అందులో పుట్టించిన రెండు కణ వంశాల్లోనూ క్రోమోజోమ్ లోపాలు కనిపించాయి. పైగా మనిషి రక్తం నుంచి తీసిన ఆల్బుమిన్ చాలా ఖరీదు. పశువును తీసేసినంత మాత్రాన అన్నీ సర్దుకోవని అర్థమైంది.

వాళ్ళు ఆగకుండా, ద్రావణంలోంచి ఒక్కొక్క పదార్థాన్ని తీసి చూస్తూ పోయారు. 2011లో ఎనిమిదింటితో సరిపోతుందని తేలింది. లవణాలు, చక్కెర, అమైనో ఆమ్లాలు కలిసిన మూల ద్రావణం ఒకటి. ఇన్సులిన్, ఇనుమును మోసే ట్రాన్స్‌ఫెరిన్, సెలీనియం, విటమిన్ సి, మన వంటసోడా, ఇంకా పెరుగుదలకు తోడ్పడే రెండు ప్రోటీన్లు. అంతే. ఇన్నాళ్ళూ దూడ గుండె నుంచి లాగినది ఈ కొద్దిపాటి సరుకు కోసమన్నమాట.

ఈ ప్రోటీన్లు మళ్ళీ ఎక్కడినుంచి వస్తాయి? షుగర్ ఉన్నవాళ్ళకు ఈ సంగతి దగ్గరగా తెలుసు. 1920ల నుంచి ఇన్సులిన్‌ను పందుల, పశువుల క్లోమం నుంచి తీసేవాళ్ళు. తర్వాత మనిషి ఇన్సులిన్ జన్యువును బ్యాక్టీరియాలో చేర్చి, దాని చేతే తయారు చేయించడం నేర్చుకున్నారు. 1982లో అమెరికాలో దానికి అనుమతి వచ్చింది. మూలకణాల తిండికి కావలసిన ప్రోటీన్లను కూడా ఇట్లాగే చేయొచ్చు.

జపాన్‌కు చెందిన షిన్యా యమనక 2007లో మనిషి చర్మకణాన్నే అన్ని కణాలుగా మారగల మూలకణంగా మార్చి చూపించారు. పిండం అవసరం లేకుండా పోయింది. 2012లో ఆయనకు జాన్ గుర్డన్‌తో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. 2014లో క్యోటో విశ్వవిద్యాలయం వాళ్ళు అట్లాంటి కణాలను పశు పదార్థాలు లేకుండా తయారుచేసే పద్ధతి ప్రచురించారు.

అయితే పని పూర్తికాలేదు. దూడ సీరం ఇంకా అమ్ముతున్నారు, మ్యాట్రిజెల్ ఇంకా వాడుతున్నారు. అలవాటు, ధర, పాత పద్ధతుల్లో వచ్చిన ఫలితాలతో పోల్చుకోవాల్సిన అవసరం దీనికి కారణాలు. 'పశు పదార్థం లేదు' అని సీసా మీద రాసినంత మాత్రాన ఆ పరిశోధనలో ఎక్కడా జంతువుల మీద పరీక్ష జరగలేదని అర్థం కాదు. మాటను మాటగా చదవాలి.

7. ధమ్మం ఏం చెబుతుంది?

దీఘనికాయంలో కూటదంత సుత్తం ఉంది. మగధలోని ఖానుమత గ్రామంలో కూటదంతుడనే బ్రాహ్మణుడు పెద్ద యజ్ఞం తలపెట్టి, ఎద్దులు, దూడలు, మేకలు, గొర్రెలు రకానికి 700 చొప్పున తెప్పించి కట్టేశాడు. సలహా కోసం బుద్ధుని దగ్గరికి వచ్చాడు. బుద్ధుడు పూర్వపు రాజు ఒకడు చేసిన యజ్ఞం గురించి చెప్పాడు. అందులో పశువును చంపలేదు, చెట్టును నరకలేదు, పనివాళ్ళను కర్రతో బెదిరించలేదు. నెయ్యి, నూనె, పెరుగు, తేనెతోనే జరిగిపోయింది. విన్న కూటదంతుడు కట్టేసిన పశువులను వదిలేశాడు. పశువు కట్టుతో పాటు పనివాడి కన్నీళ్ళను కూడా లెక్కపెట్టిన అహింస అది. మన కంచం మీద వాదించేవాళ్ళ అహింసకూ దీనికీ తేడా అక్కడే ఉంది.

యజ్ఞం అనవసరమైన పని, వైద్యం అవసరమైన పని. కాబట్టి రెండింటినీ ఒకే తక్కెడలో తూచలేం. అప్పుడు ఎట్లా? బాబాసాహెబ్ 'బుద్ధుడు, ఆయన ధమ్మం' గ్రంథంలో దీనికి దారి చూపించారు. అహింసను కొలబద్దలాంటి నియమంగా కాక, ఆలోచించి ఆచరించాల్సిన సూత్రంగా వివరించారు. చంపాలనే కోరిక వేరు, చంపాల్సిన అవసరం వేరు అని విడదీశారు.

ఈ పాఠం ఆ మాటకు ఒక్కటి జోడిస్తుంది. 'అవసరం' ఒకచోట నిలిచి ఉండేది కాదు. 1960లో దూడ సీరం అవసరం. ఎనిమిది పదార్థాల సంగతి తెలిసిన చోట అది అలవాటు మాత్రమే. జ్ఞానం పెరిగినకొద్దీ అవసరం చిన్నదవుతుంది. కాబట్టి నిన్న అవసరమని చెప్పిన హింసను ఈరోజు మళ్ళీ తూచాలి, రేపు మళ్ళీ తూచాలి. బాబాసాహెబ్ ప్రజ్ఞను, కరుణను జంటగా చెప్పింది ఇందుకే. కరుణ లేని ప్రజ్ఞ దూడను చూడదు. ప్రజ్ఞ లేని కరుణ దూడను చూసి ఏడుస్తుంది, దాన్ని విడిపించలేదు.

8. మీరు ఏం చేయాలి?

ఒకటి. పశు పదార్థం ఉందని మందు మానేయకండి, ఇంట్లోవాళ్ళ చేత మాన్పించకండి. రోగంతో పడి ఉన్న భిక్షువును బుద్ధుడే స్వయంగా కడిగి సేవ చేశాడు. రోగిని వదిలేసేది శీలం కాదు.

రెండు. మూలకణాల పేరుతో జరిగే మోసాల పట్ల జాగ్రత్త. మోకాలి నొప్పి, పక్షవాతం, పిల్లల ఆటిజం, షుగర్ అన్నీ ఒకే ఇంజెక్షన్‌తో పోతాయని లక్షలు గుంజేవాళ్ళు ఉన్నారు. అడగండి: ఈ కణాలు ఎవరివి? దేనిలో పెంచారు? ఇది రుజువైన వైద్యమా, ప్రయోగమా? ప్రయోగమైతే ప్రభుత్వ క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదైందా? ప్రయోగమైతే నా దగ్గర డబ్బెందుకు తీసుకుంటున్నారు? ఎంతమందికి ఫలించింది, ఎంతమందికి ఫలించలేదు? జవాబు చెప్పని చోట సంతకం పెట్టకండి. ఎవరో పెద్దవారు చెప్పారని నమ్మొద్దని బుద్ధుడు కాలాములకు చెప్పింది ఆసుపత్రి గదిలో కూడా వర్తిస్తుంది.

మూడు. మీ పిల్లల్లో బయాలజీ, ఫార్మసీ, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులు చదివేవాళ్ళు ఉంటే ఈ పాఠం వాళ్ళ చేత చదివించండి. పళ్ళెంలో పోస్తున్నది ఏమిటి, దీని బదులు ఇంకోటి ఉందా అని అడిగే అలవాటు వాళ్ళకు రావాలి. ఆ ప్రశ్న అడిగే స్థానంలో మన పిల్లలు కూర్చోవాలనే కదా బాబాసాహెబ్ చదువు గురించి అంతగా చెప్పింది.

చర్చకు ప్రశ్నలు

1. కంట్లో సున్నం పడితే మొదట చేయాల్సిన పని ఏమిటి? మీ వీధిలో ఎంతమందికి తెలుసు?
2. దూడ సీరం వాడకానికీ అవిద్యకూ సంబంధం ఏమిటి?
3. చంపాలనే కోరికకూ చంపాల్సిన అవసరానికీ తేడాను మీ పని నుంచి ఒక ఉదాహరణతో చెప్పండి.
4. మీ ఇంట్లో, మీ వృత్తిలో ఒకప్పుడు అవసరమై ఇప్పుడు అలవాటుగా మిగిలిన హింస ఏదైనా ఉందా? దాని బదులు ఏం పెట్టవచ్చు?

సబ్బే సత్తా సుఖీ హోన్తు.
జై భీమ్.